ఉక్కపోతలో పరుగు: చల్లటి పానీయం నిజంగా ఎంత సాయం చేస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారు విశాఖలో ఉంటారు. చలికాలంలో జరిగే నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్లు పరిగెత్తాలని మే నెల నుంచే ప్రాక్టీస్ మొదలుపెట్టారు. ఎనిమిదో కిలోమీటరు దాటేసరికి తల దిమ్మెక్కి కాళ్ళు మొరాయిస్తున్నాయి. ఐస్ నీళ్ళు తాగితే టైమ్ మెరుగవుతుందని స్నేహితులు అంటున్నారు. ఒళ్ళు కాలిపోతున్నప్పుడు చల్లనీళ్ళు తాగితే ఊపిరి పట్టేస్తుందని ఇంట్లో అమ్మమ్మ వారిస్తోంది. సుగంధి, సబ్జా, కొబ్బరినీళ్ళు, ఎలక్ట్రాల్, వీటిలో ఏది, ఎప్పుడు, ఎంత తాగాలి?

నేను ఇరవై రెండేళ్ళుగా కాకినాడలోనూ విశాఖలోనూ పిల్లలకి పరుగు నేర్పుతున్నాను. ఈ ప్రశ్న ప్రతి వేసవిలోనూ నా దగ్గరికి వస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

మీ కాళ్ళు ఆగిపోవడానికి స్టామినా తక్కువ కావడం అసలు కారణం కాదనుకుంటున్నాను. మీరు రాసిన లక్షణాలు వేడి లోపలే నిలిచిపోయిన ఒంటివి. మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతో నాలుగో వంతో మాత్రమే కదలికగా మారుతుంది, మిగతాదంతా వేడే. 60 కిలోల మనిషి గంటకి 10 కిలోమీటర్ల వేగంతో పరిగెడితే గంటలో సుమారు 600 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అందులో 480 దాకా వేడిగా మిగులుతుంది. ఆ బరువున్న ఒళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 50 కిలోకేలరీలు చాలు. అంటే లోపల పుట్టిన వేడి ఏమాత్రం బయటికి పోకపోతే ఆరు నిమిషాలకో డిగ్రీ చొప్పున పెరిగిపోతుంది. అలా జరగకుండా కాపాడేది చెమట. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది.

ఇక్కడ కీలకం "ఆవిరైతే" అన్న మాట. మే నెల మధ్యాహ్నం రామగుండంలో 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం. చెమట పట్టిన చర్మం దగ్గర నీటి ఆవిరి ఒత్తిడి (అక్కడ ఎంత ఆవిరి ఉందో చెప్పే కొలత) 42 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. రామగుండం గాలిలో అది 12, విశాఖ గాలిలో 30. చెమట ఎంత వేగంగా ఆరుతుందన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది. అక్కడ తేడా 30, మన దగ్గర 12. థర్మామీటరు ఎనిమిది డిగ్రీలు తక్కువ చూపిస్తున్నా చెమట ఆరే దారి మాత్రం మన తీరంలో రెండున్నర రెట్లు ఇరుకు. (రామగుండంలో గాలే ఒంటిని కాలుస్తుంది, ఆ ప్రమాదం వేరు.)

పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర పిల్లలు ఆగినప్పుడు వాళ్ళ మోచేతుల వంక చూస్తుంటాను. మోచేతి చివర చుక్క ఊరుతుంది, ఊగుతుంది, సిమెంటు మీద టప్పున పడుతుంది. వెంటనే ఇంకోటి. రెండు నిమిషాల్లో కాళ్ళ చుట్టూ మచ్చలు మచ్చలుగా తడి. అలా కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచలేదు. నీళ్ళూ ఉప్పూ పోయాయి, వేడి మాత్రం లోపలే ఉంది. "సార్, ఎంత చెమట పట్టిందో చూడండి" అని పిల్లలు గొప్పగా చెబుతారు. ఆరని చెమట దండగే అని ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది.

2019 సెప్టెంబర్‌లో దోహాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ మహిళల మారథాన్ గుర్తుందా? ఎండ ఉండకూడదని అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా వేడి 32 డిగ్రీల పైన, తేమ 70 శాతం పైన. బయల్దేరిన 68 మందిలో 40 మందే పూర్తిచేశారు. వాళ్ళంతా ప్రపంచస్థాయి రన్నర్లు. సూర్యుడే లేని చోట వాళ్ళని కూలదోసింది ఉక్క.

చెమట ఆరే దారి మూసుకుపోయినప్పుడు మిగిలిన దారుల్లో ఒకటి లోపలి నుంచి చల్లబరచడం. చల్లటి పానీయం విలువ అదే. ఇది నా ఊహ కాదు, కొలిచి చూసిన విషయం. 2008లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరా యూనివర్సిటీవాళ్ళు 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గదిలో ఎనిమిది మంది చేత సైకిల్ తొక్కించారు. ఒకసారి 4 డిగ్రీల పానీయం, ఇంకోసారి 37 డిగ్రీల పానీయం, తొక్కే ముందూ తొక్కేటప్పుడూ ఇచ్చారు. గోరువెచ్చటిది తాగినప్పుడు సగటున 52 నిమిషాలకి అలసిపోయినవాళ్ళు చల్లటిది తాగినప్పుడు దాదాపు 64 నిమిషాలు తొక్కారు. 2010లో ఆస్ట్రేలియాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. 34 డిగ్రీలు, 55 శాతం తేమలో పదిమందిని పరిగెత్తించారు. పరుగుకి ముందు ఒకసారి 4 డిగ్రీల చల్లనీళ్ళు, ఇంకోసారి నూరిన ఐస్ కలిపిన ద్రవం, మనం స్లష్ అంటామే, అది ఇచ్చారు. ఒంటి బరువులో కిలోకి 7.5 గ్రాముల చొప్పున, రెండూ ఒకే కొలత. చల్లనీళ్ళతో 40 నిమిషాల చిల్లర, స్లష్‌తో 50 నిమిషాలు పరిగెత్తగలిగారు.

నీళ్ళకీ స్లష్‌కీ అంత తేడా ఎందుకని మా పిల్లలు అడుగుతారు. లెక్క సులువే. అర లీటరు ఫ్రిజ్ నీళ్ళు ఒంటి వేడికి చేరాలంటే 16 కిలోకేలరీలు పీల్చుకుంటాయి. అదే అర కిలో స్లష్‌లో మూడొంతులు ఐస్ ఉంటే, ఆ ఐస్ కరగడానికే 30 కిలోకేలరీలు కావాలి. కిలో ఐస్ కరగాలంటే 80 పడతాయి మరి. కరిగాక ఆ నీళ్ళు వేడెక్కడానికి ఇంకో 18. మొత్తం 48. ఇందాక ఒంటిని ఒక డిగ్రీ మార్చడానికి 50 చాలని చెప్పాను కదా, దాదాపు అంత. ఆ ఆస్ట్రేలియా పరీక్షలో నిజంగా తగ్గింది 0.66 డిగ్రీ, చల్లనీళ్ళతో 0.25. చూడటానికి చిన్న అంకెలు. పరిగెత్తేవాడికి మాత్రం అది ఖాళీ బిందెతో బావి దగ్గరికి వెళ్ళడం లాంటిది, నింపుకోవడానికి చోటు ఉంటుంది. వేడితో నిండిపోయే క్షణం కొన్ని నిమిషాలు వెనక్కి జరుగుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చల్లటిది కడుపులోకి వెళ్ళగానే అక్కడి నరాలు "ఇక చెమట తగ్గించు" అని మెదడుకి చెబుతాయి. పొడి గాలి ఉన్న చోట ఇది నష్టమే, ఎందుకంటే పట్టిన చెమటంతా ఆరి చల్లబరిచేది. కెనడాలోని ఒట్టావా యూనివర్సిటీవాళ్ళు 2012లో చూపించింది ఇదే. చెమట పూర్తిగా ఆరే పరిస్థితిలో వేడి పానీయం తాగినవాళ్ళ ఒంట్లోనే తక్కువ వేడి నిలిచింది. అనంతపురంలో మిట్టమధ్యాహ్నం వేడి టీ తాగి "హాయిగా ఉంది" అనే పెద్దాయన మాటలో నిజముంది. కానీ ఆ సూత్రం కాకినాడలో చెల్లదు. మన దగ్గర ఎలాగూ కారిపోయే చెమటే కొంచెం తగ్గుతుంది, చల్లదనం మాత్రం పూర్తిగా దక్కుతుంది. కాబట్టి హైదరాబాద్ మిత్రుడు "నాకేం తేడా తెలియలేదు" అన్నాడని మీరు మానేయకండి. చల్లటి పానీయం అన్నిచోట్లకన్నా ఎక్కువ పనికొచ్చేది ఉక్కపోత ఉన్న ఊళ్ళలోనే.

ఇక స్లష్ చేసుకునే విధానం. దీనికి ఖరీదైన మిషన్లేమీ అక్కర్లేదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 60 గ్రాముల పంచదార, పావు టీస్పూను ఉప్పు, రెండు నిమ్మకాయల రసం కలపండి. పంచదార శక్తి కోసమే కాదు, అది లేకపోతే ఐస్ రాయిలా గడ్డకట్టి మిక్సీ బ్లేడు విరుగుతుంది. ఈ నీళ్ళలో మూడొంతులు ఐస్ ట్రేలలో పోసి రాత్రే ఫ్రీజర్‌లో పెట్టండి, మిగిలిన వంతు కింద ఫ్రిజ్‌లో. స్టీల్ ఫ్లాస్క్ కూడా ఖాళీగా మూత తీసి ఫ్రిజ్‌లోనే పెట్టండి. వేడి ఫ్లాస్క్‌లో పోస్తే ఐస్‌లో కొంత అక్కడే కరిగిపోతుంది. పొద్దున లేవగానే రెండూ కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మెత్తగా తురిమిన కొబ్బరిలా ఉండి, గ్లాసు వంచితే నెమ్మదిగా జారాలి. పలుకులు పంటికి తగిలితే ఇంకోసారి తిప్పండి. ఐస్ మాత్రం ఇంట్లో చేసిందే వాడండి. చేపల కోసం తయారయ్యే దిమ్మ ఐస్ నూరి తాగి పోటీ రోజు వాంతులు చేసుకున్న పిల్లాణ్ణి చూశాను.

మీ బరువు 60 కిలోలైతే కావాల్సింది 450 గ్రాములు. పరుగుకి ముందు అరగంటలో ఐదు నిమిషాలకోసారి కొంచెం కొంచెంగా తాగాలి. గటగటా తాగితే నుదురు పగిలిపోయే నొప్పి వస్తుంది, కడుపు బిగుస్తుంది. మొదటి రెండు వారాలు సగం కొలతతో అలవాటు చేసుకోండి. పోటీ రోజే మొదటిసారి ప్రయత్నించడం మాత్రం వద్దు. నా పిల్లలకి రోజూ ఇవ్వను, వారానికి ఒకసారి, దూరం ఎక్కువున్న రోజున ఇస్తాను. మిగతా రోజుల్లో ఒళ్ళు వేడిని భరించడం నేర్చుకోవాలి.

పరుగు మధ్యలో తాగే చల్లనీళ్ళ విషయంలో అంచనా సరిగ్గా ఉండాలి. 150 మిల్లీలీటర్ల చల్లనీళ్ళు పీల్చుకునేది ఐదు కిలోకేలరీలు, అంటే మీరు అర నిమిషం పైచిలుకులో పుట్టించే వేడి. అయినా తాగమనే అంటాను. నోరు, గొంతు చల్లబడితే పరుగు తేలికగా అనిపిస్తుంది. పైగా చల్లగా, కొంచెం పుల్లగా ఉన్నది మనిషి ఎక్కువ తాగగలడు. వేడెక్కిన సీసా నీళ్ళు రెండు గుక్కలకే వెగటు పుడతాయి. 15, 20 నిమిషాలకోసారి 150 మిల్లీలీటర్ల చొప్పున తాగడం మీ వేగానికి మంచి మొదలు.

పిప్పరమెంటు గురించి కూడా అడుగుతుంటారు. అందులోని మెంథాల్ మన చర్మంలో, నోట్లో చలిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకి 2021లో నోబెల్ వచ్చింది. నోరు చల్లగా అనిపిస్తుంది కానీ ఒంటి వేడి ఒక్క చుక్క తగ్గదు. అలా అనిపించడం వల్లే కొందరు వేగం పెంచేస్తారు. అనుభవం లేనివాళ్ళు ఉక్కలో దీని జోలికి పోకపోవడం మంచిది. అన్నట్టు మన కూరల పుదీనాలో మెంథాల్ దాదాపు ఉండదు, ఆ వాసన వేరే నూనెది. పుదీనా మజ్జిగ నిశ్చింతగా తాగొచ్చు.

ఇప్పుడు మన పానీయాల సంగతి. మనం "చలవ చేస్తుంది" అనే మాటా, "చల్లగా ఉంది" అనే మాటా ఒకటి కావు. సబ్జా, సుగంధి, బార్లీ, ఇవన్నీ చలవ అని పెద్దలు చెప్పేది రోజువారీ తిండి గురించి, కడుపు హాయి గురించి. దాన్ని కాదనను. కానీ పరిగెత్తే గంటలో ఒంటికి తెలిసేవి మూడే: పానీయం ఎంత చల్లగా ఉంది, ఎంత నీరుంది, ఉప్పూ చక్కెరా ఎంతెంత ఉన్నాయి. బండి మీద సుగంధి షర్బత్ చల్లగానే ఉంటుంది, కానీ పాకం ఎక్కువ, ఉప్పు ఉండదు. నాలుగింతలు నీళ్ళు, చిటికెడు ఉప్పు కలిపితే పనికొస్తుంది. సబ్జా గింజలు నీళ్ళు పట్టుకుని ఉబ్బుతాయి కాబట్టి పరుగుకి ముందు కడుపులో బరువు, తర్వాత తాగండి. కొబ్బరినీళ్ళు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బొండాం నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఉప్పు మజ్జిగ. పల్చగా చిలికి, వెన్న తీసి, లీటరుకి అర టీస్పూను ఉప్పు, కొంచెం అల్లం, కరివేపాకు నలిపి వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. పరుగు అయిపోయాక అరగంటలోపు రెండు గ్లాసులు తాగితే నీళ్ళు, ఉప్పు, కొంత ప్రోటీను అన్నీ ఒకే గ్లాసులో వస్తాయి. పరుగుకి ముందు మాత్రం కొందరికి పుల్లటి తేన్పులు వస్తాయి, అందుకే తర్వాతకే ఉంచండి. పొద్దున్నే తరవాణి తాగి పొలానికి వెళ్ళిన మన తాతలకి ఉప్పూ నీళ్ళూ గంజీ ఒకే ముంతలో అందేవి.

ఎలక్ట్రాల్ లాంటి ఓఆర్ఎస్ విషయంలో జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. మెడికల్ షాపు పొడి ప్యాకెట్ మీద ఆ ఫార్ములా రాసి ఉందో లేదో చూసుకోండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నీళ్ళు అమ్మే టెట్రా ప్యాకెట్ల మీద హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార నాణ్యతని చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ ఫార్ములా లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అసలు ఓఆర్ఎస్ విరేచనాల కోసం తయారైంది. చెమట విపరీతంగా పోయిన రోజు పరుగు తర్వాత తాగడానికి అది బాగుంటుంది. పరుగులో శక్తి కోసమైతే చక్కెర చాలదు.

కూల్‌డ్రింకులు మధ్యలో వద్దే వద్దు. చాలావాటిలో చక్కెర పది శాతం దాకా ఉంటుంది, కడుపులోంచి నెమ్మదిగా దిగుతాయి, గ్యాస్ వేరే. కొన్నేళ్ళ కిందట ఒక కబడ్డీ పోటీలో హాఫ్‌టైమ్‌కి ఐస్ డబ్బాలో పెట్టిన కూల్‌డ్రింకులు పంచారు. మా రైడర్ ఎండలో ఆడి వచ్చి సీసా మొత్తం ఒక్క గుక్కలో తాగేశాడు. రెండో సగంలో మొదటి రైడ్‌కి వెళ్ళి గీత దాటగానే పొట్ట పట్టుకుని వంగిపోయాడు. అప్పటి నుంచి హాఫ్‌టైమ్‌కి తాగాల్సింది ఇంటి నుంచే తీసుకెళ్తున్నాను. నిమ్మ ఉప్పు నీళ్ళు, గుక్కలు గుక్కలుగా తాగమంటాను. ఆ ఐదు నిమిషాల్లో మెడ మీద ఐస్ నీళ్ళలో ముంచిన తువ్వాలు వేస్తాను.

అమ్మమ్మగారి మాటకొస్తాను. ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు చల్లటిది తాగితే గుండె ఆగుతుందనో ఊపిరి పట్టేస్తుందనో ఆరోగ్యవంతులు భయపడనక్కర్లేదు. కానీ ఒక్కసారిగా ఎక్కువ తాగితే కడుపు పట్టేయడం నిజం. కొందరికి గొంతు గరగర కూడా నిజమే. ఆస్తమా ఉన్నవాళ్ళు, గుండె లయ తప్పే జబ్బున్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే స్లష్ మొదలుపెట్టాలి. బీపీ ఉంటే ఉప్పు, షుగర్ ఉంటే పంచదార కూడా అడిగి తేల్చుకోండి. అమ్మమ్మకి చెప్పండి, గుక్క గుక్కగా, నోట్లో కాసేపు ఉంచుకుని తాగుతానని. ఆవిడ భయం సగం తీరుతుంది, మీ కడుపూ బాగుంటుంది.

పోలీస్ ఉద్యోగాల 1600 మీటర్ల పరుగుకి సిద్ధమయ్యేవాళ్ళు కూడా ఇది చదువుతారని తెలుసు. మీకు స్లష్‌తో పనిలేదు. ఏడెనిమిది నిమిషాల్లో వేడి అంతగా పేరుకోదు, కడుపు నిండా ఐస్ పెట్టుకుని వేగంగా పరిగెత్తడం కష్టం. మిమ్మల్ని దెబ్బతీసేది గ్రౌండు బయట ఎండలో క్యూలో నిలబడే రెండు మూడు గంటలు. అప్పుడు నీడ వెతుక్కోండి, చల్లటి ఉప్పు నిమ్మనీళ్ళు కొద్దికొద్దిగా తాగుతుండండి, పరుగుకి ఇరవై నిమిషాల ముందు ఆపేయండి.

అతిగా తాగడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువ ఉంది. పరుగులో బరువు పెరిగేంతగా నీళ్ళు తాగినవాళ్ళలోనే అది ఎక్కువ కనిపించింది. చల్లగా ఉంది కదా అని దాహం తీరాక కూడా పోసుకోకండి.

ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది దాహం కాదు, వడదెబ్బ అనే అనుకోండి. నోట్లో ఏమీ పోయకండి. 108కి ఫోన్ చేయించి, అంబులెన్స్ వచ్చేలోపే మెడ దాకా చల్లనీళ్ళ టబ్బులో దించండి. టబ్బు లేకపోతే ఒంటినిండా నీళ్ళు కుమ్మరిస్తూ చంకల్లో, గజ్జల్లో, మెడ పక్కన ఐస్ పెట్టండి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆస్పత్రికి తరలించడం.

మీకు ఇప్పుడు చేయమనేది ఇది. రెండు వారాలు వేగం గురించి టెన్షన్ పడకండి. పొద్దున ఐదింటికి మొదలుపెట్టి, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంతో రోజూ నలభై నిమిషాల నుంచి గంట. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఏ పానీయమూ ఈ పని చేయలేదు. ఒక ఆదివారం పరుగుకి ముందూ తర్వాతా ఒళ్ళు తుడుచుకుని, తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. తగ్గిన బరువుకి మధ్యలో తాగినది కలిపితే మీ చెమట లెక్క వస్తుంది. మన ఉక్కలో గంటకి లీటరు నుంచి రెండు లీటర్ల దాకా పోవడం మామూలే. తగ్గిన ప్రతి కిలోకి లీటరున్నర చొప్పున ఆ పూటంతా మజ్జిగతో, ఉప్పు వేసిన నీళ్ళతో తిరిగి నింపుకోండి. నల్ల టీషర్టు వేసుకుని వెళ్ళండి. ఆరాక వీపు మీద తెల్లటి చారలు దట్టంగా ఉంటే మీ చెమటలో ఉప్పు ఎక్కువ, మధ్యలో తాగే దాంట్లో అర చిటికెడు పెంచాలి. ఆ రెండు బరువులూ, చారల సంగతీ, ఆ పూట ఎన్నో కిలోమీటరుకి నీరసం వచ్చిందో రాయండి. స్లష్ మొదలుపెట్టాల్సిన రోజూ కొలతా అప్పుడు చెబుతాను.